జంకు, గుబులు, హడలు: ఇంగ్లీషులో దేనికి ఏ మాట?

స్నేహితుడొకడు ఆఫీసులో ఏటా నింపే సెల్ఫ్ అప్రైజల్ ఫారం పంపే ముందు నన్నోసారి చూడమన్నాడు. 'మెరుగుపడాల్సిన విషయాలు' అన్న గడిలో 'ఐ యామ్ టిమిడ్ ఇన్ మీటింగ్స్' అని ఉంది. ఇంతకీ ఏం చెప్పదలచుకున్నావని అడిగితే, "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నోరు తెరవడానికి మొహమాటం, అంతే" అన్నాడు. మొహమాటానికీ టిమిడ్‌కీ మధ్య ఎంత దూరం ఉందో అతనికి తెలీదు. ఆ ఫారం చదివే మేనేజర్‌కి తెలుసు. ఇతను గట్టిగా నిలబడలేడు, కష్టమైన నిర్ణయం వస్తే వెనక్కి తగ్గుతాడు అని తన చేత్తో తనే రాసిచ్చినట్టయింది.

ఇందులో అతని తప్పు సగమే. జేబులో పట్టే చిన్న నిఘంటువులు ఇలాంటి మాటలన్నిటికీ 'భయపడిన, పిరికి' అని రాసి చేతులు దులుపుకుంటాయి. తెలుగులో మాట్లాడేటప్పుడు మనకు ఈ ఇబ్బందే లేదు. బెరుకు, బిడియం, జంకు, గుబులు, దడ, దిగులు, కంగారు, హడలు... ఏది ఎక్కడ పడాలో ఆలోచించకుండానే పడుతుంది. కొత్త పెళ్లికొడుకు హడలిపోయాడని, పులిని చూసి బిడియపడ్డాడని ఎవరూ అనరు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి మాత్రం ఇవన్నీ మూటగట్టి 'ఫియర్' అనో 'అఫ్రెయిడ్' అనో ఒకే సంచీలో వేసేస్తాం. కాబట్టి ముందు తెలుగులో సరైన మాట వెతుక్కోండి. అది దొరికితే ఇంగ్లీషు మాట సగం దొరికినట్టే.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: చెప్పేది మనిషి స్వభావమా, లేక ఆ పూట కలిగిన భయమా? షై, టిమిడ్ స్వభావాలు. స్కేర్డ్, నర్వస్ వచ్చిపోయేవి. మనం ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఒక రోజు టెన్షన్ పడిన మనిషిని జన్మతః పిరికివాడిగా రాసేస్తాం.

రెండోది, భయపెట్టేది ఎక్కడుంది? కళ్లెదురుగా ఉందా, రేపు రాబోతోందా, లేక ఏమిటో తెలీకుండా మనసులో మెదులుతోందా? తెలుగులో 'భయం వేసింది'కీ 'గుబులుగా ఉంది'కీ ఉన్న తేడా ఇదే.

మూడోది మోతాదు. ఇది అందరికీ తెలుస్తుంది, కాబట్టి ఎక్కువ చెప్పను.

నాలుగోది, మాటలో దాగిన తీర్పు. షై అంటే వినేవాళ్లకు కాస్త ముద్దొస్తుంది, టిమిడ్ అంటే చిన్నచూపు కలుగుతుంది, కౌవర్డ్ అంటే అది తిట్టే. ఒకే మనిషి, ఒకే ప్రవర్తన. మాట మారితే మనిషే మారిపోతాడు.

ఇక చివరిది వ్యాకరణం. కొన్ని మాటలు నామవాచకం ముందు కూర్చోవు, కొన్నిటికి 'వెరీ' తగిలించకూడదు, కొన్నిటి పక్కన 'ఆఫ్' పెట్టినప్పుడు ఒక అర్థం, 'టు' పెట్టినప్పుడు ఇంకో అర్థం.

## స్వభావం చెప్పే మాటలు

| మాట | తెలుగులో దగ్గరిది | వినేవాళ్లకు ఎలా తోస్తుంది | మన గురించి మనం రాసుకోవచ్చా |
|---|---|---|---|
| షై | బిడియం, సిగ్గరి | సౌమ్యంగా, కాస్త జాలిగా | నిక్షేపంగా |
| రిజర్వ్‌డ్ | ముభావం, మితభాషి | గౌరవంగా | రాసుకోవచ్చు, కలుపుగోలు ఉద్యోగాలకు తప్ప |
| డిఫిడెంట్ | తన మీద తనకు నమ్మకం చాలకపోవడం | సానుభూతిగా, కొంచెం పుస్తకభాషలా | ఆలోచించి |
| టిమిడ్ | బెరుకు, పిరికితనం అంచున | బలహీనంగా | వద్దు |
| మీక్ | నోరెత్తని, అణిగిమణిగి ఉండే | మెచ్చుకోలో ఎద్దేవానో తేలదు | వద్దు |
| కౌవర్డ్ | పిరికిపంద | తిట్టు | అవసరమే రాదు |

షై అన్న మాట మనుషుల ముందు కలిగే ఇబ్బందికే. చీకటంటే షై అనో, కుక్కలంటే షై అనో అనకూడదు. 'షై విత్ స్ట్రేంజర్స్', అంటే కొత్తవాళ్ల దగ్గర బిడియం. మనకు ఇబ్బంది తెచ్చిపెట్టేది సిగ్గు అనే మాట. తెలుగులో సిగ్గు ఒక్కటే మూడు పనులు చేస్తుంది. కొత్తవాళ్ల ముందు పిల్ల తల్లి వెనక దాక్కుంటే అది సిగ్గు, వేదిక ఎక్కి పద్యం మర్చిపోతే సిగ్గు, కాపీ కొట్టి దొరికిపోయినా సిగ్గే. ఇంగ్లీషులో మొదటిది షై, రెండోది ఎంబరాస్డ్, మూడోది అషేమ్డ్. "చేసిన పనికి సిగ్గుపడుతున్నాను" అనడానికి 'ఐ యామ్ షై' అన్నారంటే, తప్పు చేసి ముసిముసిగా నవ్వుతున్నారని అవతలివాళ్లు అనుకుంటారు.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, క్రికెట్ కామెంటరీలో వినిపించే షైలు రెండూ వేరు. సెంచరీకి రెండు పరుగులు షై అంటే రెండు తక్కువయ్యాయని. స్టంప్స్ మీదికి ఒక షై అంటే బంతి విసరడం. బిడియానికీ వాటికీ సంబంధం పెట్టుకోకండి.

టిమిడ్‌ని ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు జంతువులకు హాయిగా వాడతారు. జింక టిమిడ్, కుందేలు టిమిడ్. అక్కడ నింద ఏమీ లేదు, ఆకు కదిలితే పరుగెత్తే స్వభావం అని మాత్రమే. మనిషికి వాడితే అదే బొమ్మ మనిషి మీదికి వచ్చి పడుతుంది. ప్రభుత్వ నిర్ణయాన్నో, ఒక సంస్కరణనో 'టిమిడ్' అంటే ధైర్యం చాలని అరకొర పని అని విమర్శ. దీని మూలం లాటిన్‌లో భయపడటం అనే క్రియ. ఎదుటివాణ్ని బెదిరించి లొంగదీసుకోవడాన్ని ఇంటిమిడేట్ అనేదీ ఆ మూలం నుంచే. పలికేటప్పుడు 'టైమిడ్' అనకండి, రెండు అచ్చులూ పొట్టివే. దీని ఎదురుమాట బోల్డ్. మనవాళ్లు ఆ మాటని సినిమా సన్నివేశాలకు అంకితం చేశారు గానీ దాని అసలు అర్థం జంకు లేని అనే.

డిఫిడెంట్ నాకిష్టమైన మాట. కాన్ఫిడెంట్‌కి వరసైనది, రెండింటిలోనూ నమ్మకం అనే లాటిన్ మూలమే ఉంది. షై మనిషికి ఇబ్బంది ఎదుటివాళ్లతో, డిఫిడెంట్ మనిషికి తన సత్తా మీదే అనుమానం. బాగా పాడగలిగి కూడా "నాదేముందిలెండి" అని వెనక నిలబడే మనిషి డిఫిడెంట్. అయితే ఇది రాతలో కనిపించినంతగా మాటల్లో వినిపించదు. ఫోన్‌లో వాడితే కాస్త పంతులుగారిలా ఉంటుంది.

ఇంట్రోవర్ట్ ఈ వరసలోది కానే కాదు. కార్ల్ యుంగ్ 1921లో వెలువరించిన పుస్తకంతో ప్రాచుర్యంలోకి వచ్చిన ఈ మాటకు భయంతో పని లేదు. ఒంటరిగా ఉంటే హాయిగా ఉండే మనిషి ఇంట్రోవర్ట్. పదిమందిలో కలవాలని ఉండి కలవలేకపోతే షై. మైకు దొరికితే గంటసేపు మాట్లాడి, తర్వాత గదిలోకెళ్లి తలుపేసుకునే ఇంట్రోవర్టులు చాలామంది ఉంటారు.

కౌవర్డ్ గురించి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ మాట పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది, దాని మూలం లాటిన్‌లో 'తోక'. కాళ్ల మధ్య తోక దాచుకుని పరుగెత్తే జంతువు గుర్తొస్తుంది కదా. మనం 'తోక ముడిచాడు' అంటున్నది కూడా ఆ బొమ్మనే. ఆవుకు చెప్పే కౌతో దీనికి చుట్టరికం లేదు. వ్యాకరణంలో మాత్రం జాగ్రత్త. కౌవర్డ్ నామవాచకం, కౌవర్డ్‌లీ విశేషణం. చివర 'లీ' ఉంది కదా అని క్రియ పక్కన పెట్టి 'హీ రాన్ కౌవర్డ్‌లీ' అనకూడదు. 'లైక్ ఎ కౌవర్డ్' అనాలి. ఇంకో సంగతి, ఇది భయపడినందుకు పడే పేరు కాదు, భయపడి చేయాల్సిన పని వదిలేసినందుకు పడే పేరు. ఇంజెక్షన్‌కి ఏడ్చే పిల్లవాడు కౌవర్డ్ కాదు. తప్పు తనదైనా తోటివాడి మీదికి నెట్టి మాట్లాడకుండా కూర్చున్నవాడు కౌవర్డ్. స్నేహితుల మధ్య ఆటపట్టించడానికైతే చికెన్ అంటారు, ఆఖరి నిమిషంలో జారుకుంటే చికెన్డ్ అవుట్ అంటారు.

మరి మొహమాటం? దానికి సరిగ్గా సరిపోయే ఒక్క మాట ఇంగ్లీషులో నాకింతవరకు తగల్లేదు. అందులో బిడియం కొంత, ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనన్న శంక కొంత, కాదనలేని మర్యాద కొంత. కాబట్టి ఒక్క మాట కోసం వెతక్కుండా సందర్భాన్ని బట్టి విప్పి చెప్పడమే మేలు. కాదనలేని మొహమాటమైతే 'ఐ ఫైండ్ ఇట్ హార్డ్ టు సే నో'. అడగడానికి మొహమాటమైతే 'ఐ హెసిటేట్ టు ఆస్క్'. "మొహమాటపడకండి" అనడానికి 'డోంట్ ఫీల్ షై' మన అలవాటు, తప్పు పట్టేదేమీ కాదు గానీ 'ప్లీజ్ ఫీల్ ఫ్రీ' సాఫీగా ఉంటుంది.

## అఫ్రెయిడ్, స్కేర్డ్, ఫ్రైటెన్డ్

ఈ మూడింటి మధ్య అర్థంలో తేడా వెంట్రుకవాసి. అసలు తేడా వాడుకలోనూ వ్యాకరణంలోనూ ఉంది.

స్కేర్డ్ ఇంట్లో మాట్లాడుకునే మాట. ఫ్రైటెన్డ్ ఎక్కడైనా ఇముడుతుంది, ముఖ్యంగా హఠాత్తుగా కలిగిన భయానికి. అఫ్రెయిడ్ కాస్త మర్యాదగా, స్థిమితంగా ఉంటుంది. పిల్లవాడు అర్ధరాత్రి లేచి వచ్చి 'ఐ యామ్ స్కేర్డ్' అంటాడు. అదే పిల్లవాడి గురించి కథ రాస్తే 'ఎ ఫ్రైటెన్డ్ చైల్డ్' అని రాస్తాం. 'ఏన్ అఫ్రెయిడ్ చైల్డ్' అని మాత్రం రాయకూడదు. అఫ్రెయిడ్ నామవాచకం ముందు కూర్చోదు. నిద్రపోతున్నవాడికి అస్లీప్, బతికున్నదానికి అలైవ్, ఒంటరికి అలోన్ ఎలాగో ఇదీ అలాగే. 'అ'తో మొదలయ్యే ఈ జట్టంతా వాక్యంలో తర్వాతే వస్తుంది. ది చైల్డ్ ఈజ్ అఫ్రెయిడ్.

దాని పక్కన పెట్టే చిన్న మాటలతో ఇంకా పెద్ద మార్పులొస్తాయి. 'అఫ్రెయిడ్ ఆఫ్ మై బ్రదర్' అంటే అన్నయ్యంటే నాకు భయం. 'అఫ్రెయిడ్ ఫర్ మై బ్రదర్' అంటే అన్నయ్యకి ఏమవుతుందోనని భయం. ఒకదాంట్లో అన్నయ్య భయపెట్టేవాడు, రెండోదాంట్లో ప్రమాదంలో ఉన్నవాడు. అలాగే 'అఫ్రెయిడ్ ఆఫ్ ఫాలింగ్', 'అఫ్రెయిడ్ టు క్లైంబ్'. పడిపోవడం మనం కోరి చేసేది కాదు, జరిగిపోతుందేమోనన్న భయం, అందుకు 'ఆఫ్'. ఎక్కడం మన చేతిలో ఉన్న పని, చేయడానికి జంకుతున్నాం, అందుకు 'టు'. తెలుగులో 'పడతానేమోనని భయం', 'ఎక్కడానికి భయం' అనే తేడా మనం ఎప్పుడూ పాటిస్తూనే ఉన్నాం. దాన్నే అక్కడికి తీసుకెళ్తే సరిపోతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పాత సర్వర్‌ని ముట్టుకోవాలంటే భయమేసి, ఫోన్‌లో అవతలి టీమ్ మనిషితో 'ఐ యామ్ స్కేరింగ్' అన్నాను. "సర్వర్ నిన్ను చూసి భయపడుతోందా?" అని ఆయన పకపకా నవ్వాడు. స్కేర్ అంటే భయపడటం కాదు, భయపెట్టడం. తెలుగులో 'పడు', 'పెట్టు' చేసే పని ఇంగ్లీషులో చివరి అక్షరాలు చేస్తాయి. భయపడినవాడు స్కేర్డ్, ఫ్రైటెన్డ్, టెరిఫైడ్. భయపెట్టేది స్కేరీ, ఫ్రైటెనింగ్, టెరిఫైయింగ్. 'ఐ యామ్ స్కేరింగ్' అన్న రోజు నేనే దెయ్యాన్ని. టైపు చేసేటప్పుడు ఇంకో ఆపద ఉంది. స్కేర్డ్‌లో సి, ఎ అక్షరాలు అటూ ఇటూ అయితే సేక్రెడ్, అంటే పవిత్రం అయిపోతుంది. స్పెల్‌చెక్ దాన్ని పట్టుకోదు, ఎందుకంటే అదీ నిఘంటువులో ఉన్న మాటే.

భయానికి సంబంధం లేని అఫ్రెయిడ్ ఒకటుంది. ఉత్తరాల్లో, మెయిళ్లలో 'ఐ యామ్ అఫ్రెయిడ్ ది రిపోర్ట్ విల్ బీ లేట్' అని కనిపిస్తే రాసినవాడు వణికిపోతున్నాడని కాదు. చెడు కబురు మెత్తగా చెప్పే పద్ధతి అది. మనం 'ఏమీ అనుకోకండి' అని మొదలుపెట్టినట్టు. ఈ పనికి స్కేర్డ్ గానీ ఫ్రైటెన్డ్ గానీ పనికిరావు.

## రాబోయేదాన్ని తలచుకుని పడే భయం

రోజూ ఎక్కువగా అవసరమయ్యేవి ఇవే. పులులు మనకు రోజూ ఎదురుకావు, ఇంటర్వ్యూలు ఎదురవుతాయి.

నర్వస్, అన్నిటికంటే పనికొచ్చే మాట. పరీక్ష హాలు బయట, వేదిక ఎక్కే ముందు, ఇంటర్వ్యూ గది ముందు కుర్చీలో కూర్చుని అరచేతులు చెమటలు పడుతుంటే, ఫైలు మూడోసారి తెరిచి సర్టిఫికెట్లు లెక్కపెట్టుకుంటుంటే, అది నర్వస్. పని మొదలైతే తగ్గిపోతుంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఎంత పెద్ద కళాకారులైనా ఈ మాట తమ గురించి తామే చెప్పుకుంటారు. కడుపులో ఏదో తిప్పినట్టుంటే సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయని ఇంగ్లీషు మాట్లాడేవాళ్లంటారు.

యాంక్షస్ ఇంతకంటే పొడుగ్గా సాగుతుంది. పరీక్ష రాసేటప్పుడు నర్వస్, ఫలితం వచ్చేదాకా యాంక్షస్. మన చేతిలో ఏమీ లేనప్పటి గుబులు అది. వరీడ్ దానికి ఇంట్లో మాట్లాడుకునే రూపం, కాస్త దిగులు కలిసినది, ఫలానా సంగతి గురించి అని వేలు పెట్టి చూపించగలిగినది. తమాషా ఏమిటంటే, ఈ రెండు మాటల పుట్టుకలోనూ గొంతు నొక్కడమే ఉంది. యాంక్షస్ వెనకున్న లాటిన్ మాటకు నొక్కడం, ఊపిరాడకుండా చేయడం అని అర్థం. వరీకి పాత ఇంగ్లీషులో గొంతు పిసకడం అని. యాంక్షస్‌తో ఒక మెలిక ఉంది. పక్కన 'ఎబౌట్' ఉంటే గుబులు, 'టు' ఉంటే తహతహ. 'యాంక్షస్ టు మీట్ యూ' అన్నవాడు మిమ్మల్ని చూసి భయపడటం లేదు, ఎప్పుడెప్పుడు కలుస్తానా అనుకుంటున్నాడు. పలకడంలో కూడా యాంక్షస్‌లోని శబ్దం యాంగ్జైటీలోకి వచ్చేసరికి మారిపోతుంది.

అప్రిహెన్సివ్ ఆఫీసు రాతకు బాగుంటుంది. కొత్త పద్ధతి తెస్తున్నారు, ఏదో తేడా కొడుతుందని అనుమానం, కానీ భయం అనడానికి నామోషీ. అప్పుడు ఇది. ఇంట్లో వాడితే అతికించినట్టుంటుంది.

డ్రెడ్ వేరే రకం. వచ్చేది వచ్చి తీరుతుందని తెలుసు, తప్పించుకోలేం, తలచుకుంటేనే గుండె బరువెక్కుతుంది. పంటి డాక్టరు అపాయింట్‌మెంట్, అప్పు తీర్చాల్సిన తారీఖు, ఎప్పట్నుంచో వాయిదా వేస్తున్న ఆ ఒక్క ఫోన్ కాల్. 'ఐ యామ్ డ్రెడింగ్ ఇట్' అనొచ్చు. ఫియర్‌ని మాత్రం మాటల్లో అలా సాగదీసి 'ఐ యామ్ ఫియరింగ్' అనరు. డ్రెడ్‌ఫుల్ అంటే భయపడేవాడు కాదు, ఘోరంగా ఉన్నది అని.

ఇక మన టెన్షన్. తెలుగులో ఇది తెలుగు మాటైపోయింది, వాడుకోండి, అభ్యంతరం లేదు. ఇంగ్లీషులో మాత్రం 'ఐ యామ్ ఇన్ టెన్షన్', 'డోంట్ టేక్ టెన్షన్' అంటే మనదేశంలో అర్థమవుతుంది, బయట కనుబొమలు లేస్తాయి. వాళ్లకు టెన్షన్ ఎక్కువగా రెండు దేశాల మధ్య, ఇద్దరు మనుషుల మధ్య, లాగి కట్టిన తాడులో ఉండేది. మనిషికైతే టెన్స్. లేదా ఏ టెన్షనో చూసుకుని, పరీక్షదైతే నర్వస్, పని ఒత్తిడైతే స్ట్రెస్డ్, ఇంట్లో జ్వరమొచ్చిన పాప గురించైతే వరీడ్.

## పై మెట్టు

టెరిఫైడ్ అంటే హడలిపోవడం. ఇది ఇప్పటికే కొస మెట్టు, దానికి 'వెరీ' తగిలించకండి. 'ఆబ్సొల్యూట్లీ టెరిఫైడ్' అంటారు. దీని చుట్టమే టెరిఫిక్. ఒకప్పుడు భయం గొలిపేది అని అర్థం, ఇప్పుడు అద్భుతం అని. టెరిబుల్ మాత్రం చెడ్డదిగానే మిగిలిపోయింది.

పెట్రిఫైడ్ కదల్లేని భయం. గ్రీకులో రాయి అనే మాట నుంచి వచ్చింది, రాయైపోవడం. భయంతో మనం కొయ్యబారిపోతాం, వాళ్లు రాయవుతారు. కాబట్టి భయంతో పరుగెత్తిన మనిషికి ఈ మాట అచ్చంగా నప్పదు. పరుగెత్తినవాడికి పానిక్ ఉంది. అడవుల్లో తిరుగుతూ మందల్ని బెదరగొట్టే పాన్ అనే గ్రీకు దేవుడి పేరు మీద పుట్టిన మాట ఇది. ఆలోచన ఎగిరిపోయి, ఏం చేస్తున్నామో తెలీకుండా చేసేయడం. మన 'కంగారు' బాగా ముదిరితే ఇది. రాసేటప్పుడు పానిక్డ్, పానికింగ్‌లలో అదనంగా 'కె' చేరుతుంది, మర్చిపోకండి.

ఉలిక్కిపడటం ఈ మెట్లలో ఎక్కడా లేదు. అది స్టార్ట్‌ల్డ్, అరక్షణం సంగతి. వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడతాం, స్నేహితుడని చూసి నవ్వుతాం. దాన్ని టెరిఫైడ్ అని రాస్తే ఆ స్నేహితుడు హంతకుడైపోతాడు.

ఫోబియాని పొదుపుగా వాడండి. 'నాకు లెక్కల ఫోబియా' సరదాకు బాగానే ఉంటుంది గానీ, అది వైద్యంలో ఒక నిర్ధారణ. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం ఆ భయం ప్రమాదానికి మించి ఉండాలి, సాధారణంగా 6 నెలలో అంతకంటే ఎక్కువో కొనసాగాలి, బతుకుకు అడ్డుపడాలి. పైగా చివర ఫోబియా ఉన్నవన్నీ భయాలు కావు. జెనోఫోబియాలో పరాయివాళ్ల మీద భయం కంటే ద్వేషమే ఎక్కువ. హైడ్రోఫోబియా పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్‌కి పాత పేరు. ఆ రోగి నీళ్లు మింగబోతే గొంతు పట్టేస్తుంది కాబట్టి ఆ పేరు.

ఒక తెలుగు భయం మాత్రం ఈ మాటల్లో దేనికీ అందదు. 'వాడికి టీచరంటే భయం లేదు' అంటాం. మన ఉద్దేశం వణకాలని కాదు, గౌరవం ఉండాలని. దాన్ని 'హీ హాజ్ నో ఫియర్ ఆఫ్ ది టీచర్' అని మార్చితే మనం పిల్లల్ని భయపెట్టే రకమని అవతలివాళ్లు అనుకుంటారు. అక్కడ రెస్పెక్ట్ అనాలి. భయభక్తులకు దగ్గరి ఇంగ్లీషు మాట 'ఆ' (awe), అంటే గొప్పదాని ముందు కలిగే విస్మయంతో కూడిన జంకు. దైవభీతి ఉన్న మనిషికి మాత్రం గాడ్-ఫియరింగ్ అనే మాట సిద్ధంగా ఉంది, అందులో నింద లేదు.

## మీరు ఎవరికి రాస్తున్నారు?

ఉద్యోగం కోసమో, అప్రైజల్ కోసమో అయితే స్వభావం చెప్పే మాటలు వదిలేసి, జరిగేది చెప్పండి. నా స్నేహితుడి గడిలో చివరికి 'ఐ హెసిటేట్ టు స్పీక్ అప్ వెన్ సీనియర్ పీపుల్ ఆర్ టాకింగ్' అని మార్చాం. టిమిడ్ అంటే మార్చలేని గుణం, హెసిటేట్ అంటే మార్చుకోగల అలవాటు. ఇంటర్వ్యూలో నర్వస్ అని ఒప్పుకోవడం తప్పేమీ కాదు, ఒక్కసారి నవ్వుతూ చెబితే వాతావరణం తేలికవుతుంది కూడా. స్కేర్డ్ మాత్రం అక్కడ చిన్నపిల్లల మాటలా వినిపిస్తుంది.

మీ పిల్లల గురించి టీచరుకు రాస్తుంటే షై చాలు, టిమిడ్ వద్దు. ఇంకా మంచిది కావాలంటే 'స్లో టు వార్మ్ అప్' అనే పదబంధం ఉంది. అమెరికన్ మానసిక వైద్యులు అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ 1956లో మొదలుపెట్టిన అధ్యయనంలో పిల్లల స్వభావాల్లో ఒకదానికి పెట్టిన పేరది. కొత్త చోట మొదట వెనక్కి తగ్గి, నెమ్మదిగా కలిసిపోయే పిల్లలని. టీచరు ఏం చేయాలో కూడా అందులోనే ఉంది: కాస్త ఆగాలి.

డాక్టరుతో అయితే ఏ మాట గొప్పదని వెతక్కండి. యాంగ్జైటీ, పానిక్ అటాక్, ఫోబియా వాళ్లకు వేర్వేరు అర్థాలున్న వైద్యపు మాటలు, మనం ఒకటి తగిలిస్తే వినేవాళ్లు అటే వెళ్లే ప్రమాదముంది. గుండె దడదడలాడుతోందా, చేతులు వణుకుతున్నాయా, నిద్ర పడుతోందా, ఎన్నాళ్లనుంచి, ఒక్కసారిగా వచ్చి నిమిషాల్లో పతాక స్థాయికి చేరుతుందా లేక రోజంతా సన్నగా ఉంటుందా. ఇవి చెప్పండి. ఇవి తెలుగులో చెప్పగలిగే చోటైతే తెలుగులోనే చెప్పండి.

కథ రాస్తుంటే సలహా తలకిందులవుతుంది. పైన చెప్పిన విశేషణాల్లో దేన్నీ వాడకుండా ఉండగలిగితే బాగుంటుంది. భయం చేయించే పనికి ఇంగ్లీషులో మంచి క్రియలున్నాయి. దెబ్బ పడుతుందేమోనని ఒళ్లు చటుక్కున వెనక్కి లాక్కోవడం ఫ్లించ్. మూలకు ముడుచుకుపోవడం కౌవర్ (cower), అంటే మూత అనే కవర్ కాదు, చివరి 'డ్' తీసేసిన కౌవర్డ్‌లా పలికే ఇంకో మాట. గజగజ వణకడం ట్రెంబుల్, బెంబేలెత్తి పారిపోవడం బోల్ట్. 'ది బాయ్ వాజ్ వెరీ టిమిడ్' అని రాసిన చోట, తండ్రి నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపితే పిల్లవాడు ఫ్లించ్ అయ్యాడని రాసి చూడండి. అప్పుడు పాఠకుడు పిల్లవాడి పిరికితనం గురించి కాదు, ఆ చెయ్యి గురించి ఆలోచిస్తాడు.